చుక్క చూపిన దొంగ

ఆగస్టు 4, సోమవారం

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి బస్సులో మర్చిపోయే వస్తువులు కూడా పెరిగాయి. ఇవాళ గద్వాల–నాగర్‌కర్నూల్ ట్రిప్పులో ఒక టిఫిన్ డబ్బా మూత, ఒక చంటిపిల్లాడి ఎడమకాలి చెప్పు, పెబ్బేరులో ఎక్కిన ముసలమ్మ ఆధార్ కార్డు దొరికాయి. అన్నీ డిపోలో అప్పజెప్పి సంతకం పెట్టాను. మూత గూడ రాయాల్నా చెల్లే రజితా అని మా డ్రైవర్ గోవిందన్న నవ్వాడు. రాయాలి. డ్రైవర్‌కు స్టీరింగ్ ఒక్కటే బాధ. కండక్టర్ మీద దారిన పోయే ప్రతివాడికీ అనుమానమే.

వెనక సీటు కింద ఒక ఎర్ర రబ్బరు పువ్వు కూడా దొరికింది. మధ్యలో గట్టిగా, గుండ్రంగా ఏదో ఉంది. తాడు తెగి ఉంది. చిన్నపిల్లల స్కూల్ బ్యాగుకు వేలాడేసే బాపతు. దాన్నెవరు అడుగుతారు? ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను, సందూకు తాళంచెవికి కట్టుకో, పడిపోయినా ఎర్రగా కనపడుతుందని. రబ్బరు పువ్వు నాకెందుకే బిడ్డా అంటూనే తీసుకుంది.

అమ్మ సందూకులో ఏముందో నాకే తెలియదు. నాన్న పోయిన దగ్గర్నుంచి దానికి తాళమే. తాళంచెవి నడుం దారానికి కట్టుకుంటుంది, స్నానం చేసినప్పుడల్లా ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. ఇల్లంతా వెతికేది నేను. దొరికాక నన్ను బయటికి పంపి మరీ తీస్తుంది.

ఫోన్‌లో ఏదో ఇంగ్లీషు నోటిఫికేషన్. ట్రాకర్ అట, డిటెక్టెడ్ అట. ఈ లోన్ యాప్‌ల వాళ్లకు పనీపాటా లేదు. తుడిచేశాను.

ఆగస్టు 5

మళ్లీ అదే నోటిఫికేషన్. మళ్లీ తుడిచేశాను.

ఆగస్టు 7, సాయంత్రం

ఇది కోపంతో రాస్తున్నాను. భయంతో కాదు.

డ్యూటీ దిగగానే మేనేజర్ సార్ పిలిచాడు. గదిలో ఒకావిడ కూర్చుని ఉంది. పేరు శైలజ, వనపర్తి. సోమవారం మా బస్సులో నాగర్‌కర్నూల్‌లో ఉన్న అక్క ఇంటికి పోయిందట. దిగి చూసుకుంటే హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పు తెరిచి ఉందట. అందులో పెట్టిన నల్లపూసల గొలుసు, కమ్మలు లేవట. వాటి పక్కనే తగిలించిన ట్యాగ్ కూడా లేదట.

ట్యాగ్ అంటే ఏంది మేడం అని అడిగాను. వస్తువులు పోకుండా పెట్టుకునే బిళ్ల అట. ఎక్కడుందో ఫోన్‌లో చూపిస్తుందట. ఫోన్ నా ముందు పెట్టింది. నీలం చుక్క. మ్యాప్‌లో దాని చుట్టూ చూశాను. కాలువ, వాటర్ ట్యాంకు, చర్చి. మా ఊరు. మా సందు.

మీ ఇల్లు గాన్నే గదా అన్నాడు సార్. ఎంత మెల్లగా అన్నాడో, ఆ మెల్లదనానికే నాకు ఒళ్లు మండింది. గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

నేను తీయలేదన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా సార్‌తో చెప్పింది, మనిషి అబద్ధం చెప్తది గానీ మిషన్ చెప్పదు గదా అని.

ఇన్నేళ్ల సర్వీసులో టికెట్ కేసు లేదు, క్యాష్ తేడా లేదు. చెకింగ్ వాళ్లు ఎక్కితే నా బస్సులో పది నిమిషాలు కూడా కూర్చోరు. ఇప్పుడొక చుక్క వచ్చి నన్ను దొంగను చేసింది.

ఆగస్టు 8

పక్కింటి సతీష్ పుణేలో మొబైల్ షాపులో పనిచేసి వచ్చాడు. వాడిని అడిగాను. ఆ బిళ్లలో సిమ్ ఉండదట. పక్కనుంచి ఎవరి ఫోన్ పోయినా దాని చెవిలో నేనిక్కడున్నానని ఊదుతుందట, ఆ ఫోన్ మోసుకెళ్లి చెప్తుందట. అంటే చుక్క అటూ ఇటూ జరుగుతదక్కా, గిదే ఇల్లు అని చెప్పరాదు అన్నాడు.

మరి మా సందులో పన్నెండు ఇళ్లున్నాయి. పన్నెండు ఇళ్లలో నా ఇల్లే ఎందుకు? కండక్టర్‌ను కాబట్టి. ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి నాకేం సిగ్గు? మా వాడ ఊరి చివర ఉంది. మా నాన్న పేరు ఇస్రాయేలు. వాడ ఏదో తెలిసేదాకా ఆవిడ అనుమానంగానే మాట్లాడింది. తెలిశాక అనుమానం పోయి నమ్మకం వచ్చింది. ఆమె కళ్లలో అది మారడం నేను చూశాను.

ఇదివరకు బస్సులో ఏదైనా పోతే మనుషులు కండక్టర్‌ను అడిగేవాళ్లు. అమ్మా, నా గొడుగు చూసినవా అని. ఈవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. ఫోన్‌ను అడిగింది.

ఆగస్టు 9, శనివారం

నా బస్సులో, నా ప్యాసింజర్ల ముందు.

వనపర్తిలో ఎక్కింది. గద్వాలకు తిరుగు ట్రిప్పు, సీట్లన్నీ నిండి నిలబడే జనం కూడా ఉన్నారు. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇవ్వబోతే తీసుకోలేదు. ఫోన్ పైకి పట్టుకుని అందరికీ చెప్పింది, బ్యాగులు పదిలం అమ్మా, ఈ కండక్టర్ నా బంగారం తీసింది, రుజువు నా ఫోన్ల ఉంది అని.

గోవిందన్న బ్రేకు వేశాడు.  ముందు సీటులోని ఒకామె తన సంచి ఒళ్లోకి లాక్కుంది. ఆమె నాకు తెలుసు, రోజూ గోపాల్‌పేట దగ్గర ఎక్కుతుంది, మొన్ననే వాళ్ల అమ్మాయికి పురుడు ఎట్లయిందని అడిగాను. శైలజ మాట కన్నా ఆ సంచి లాక్కోవడం నాకు ఎక్కువ కాలింది.

నా నోరు ఊరుకుంటుందా? ఏమన్నానో అంతా గుర్తులేదు. నీ మొగుడు తప్పిపోతే వాడికీ ఒక బిళ్ల కట్టు అన్నాను, అది గుర్తుంది. అదే నా కొంప ముంచింది. ప్యాసింజర్‌తో దురుసుగా ప్రవర్తించినందుకు డ్యూటీ ఆపేశారు. దొంగతనం విచారణలో ఉందట. దురుసుతనం మాత్రం వెంటనే రుజువైందట. దొంగతనం నాదేనని తేలితే ఉద్యోగం పోతుందని సార్ మెల్లగా చెప్పాడు.

ఆగస్టు 11, మధ్యాహ్నం

వచ్చారు. శైలజ, ఆవిడ భర్త, ఒక హోంగార్డు. మా మేకా, దాని పిల్లా ఎల్లయ్య పెదనాన్నతో కాలువ మీదికి పోయాయి. మా వాడ మేకలన్నీ ఆయనే తోలుకుపోతాడు. ఇంట్లో నేను, అమ్మ.

ఆవిడ వాకిట్లో నిలబడి ఫోన్‌లో ఏదో నొక్కింది. ట్యాగ్ మోగుతుందట. అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. ఏమీ మోగలేదు. ఆగిపోవాలి కదా అక్కడితో? ఆగలేదు. హోంగార్డు బియ్యం డబ్బా వంచాడు, పరుపు కింద చూశాడు, గోడకున్న ఏసుప్రభువు పటం వెనక చెయ్యి పెట్టాడు. అమ్మ నడుం దారం వైపు చూసి తాళం తియ్యవ్వా అన్నాడు.

అమ్మ తియ్యలేదు. అండ్ల ఏం లేదు సారూ, నావే ఉన్నయి అంది. తీయమన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను, ఇంత నోరున్న నేను, తియ్యమ్మా అన్నాను. చూసి పోతే పీడ పోతుందనుకున్నాను.

సందూకులో నాన్న వాచీ, బైబిలు ఉన్నాయి. పేపర్లో చుట్టిన ఒక కొత్త తెల్లచీర, తెల్ల రవిక ఉన్నాయి. హోంగార్డు చీర మడత విప్పి దులిపాడు, మడతల్లో ఏమైనా ఉందేమోనని. చీర నేలకు తగిలింది. అమ్మ తెల్లచీర కట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఎందుకు కొని పెట్టుకుందో ఒక నిమిషం ఆలస్యంగా తెలిసింది. శవపెట్టెలో పడుకోబెట్టే రోజు కట్టమని నాకు చెప్పడానికి మనసు రాక, ఎప్పుడో తానే కొని దాచుకుంది.

ఆవిడ భర్త గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. అమ్మ చీర తీసుకుని దుమ్ము దులిపి మళ్లీ మడిచింది. అంచులు కలవలేదు. విప్పి మళ్లీ మడిచింది. వాళ్లు పోయేదాకా మడుస్తూనే ఉంది.

వాళ్లవి కాదు, నా చెంపలు నేనే వాయించుకోవాలి. తియ్యమ్మా అన్నది నేనే.

ఆగస్టు 13

మేనేజర్ సార్ ఫోన్. శైలజ కొత్త ఫిర్యాదు ఇచ్చిందట. చుక్క పొద్దున్నే ఇల్లు వదిలి కాలువ గట్టుకు పోతుందట, తుమ్మచెట్ల మధ్య తిరుగుతుందట, సాయంత్రానికి ఇంటికి వస్తుందట. నేను బంగారం ఎక్కడ పాతిపెట్టాలో చూసుకుంటున్నానట!

డ్యూటీ లేక పొద్దున్నుంచి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే తుమ్మచెట్ల మధ్య తిరిగానట. ఆ చుక్కకు కళ్లుంటే బాగుండు. ఎదురుగా నిలబెట్టి అడిగేదాన్ని.

ఎల్లయ్య పెదనాన్నకు కూడా మతి పోతోంది. మేకల్లో ఏదో పిట్ట దూరింది, నడుస్తుంటే కూస్తుంది అంటున్నాడు. ఉన్న పరేషాన్ చాలక ఇదొకటి.

ఆగస్టు 15

డిపోలో జెండా. పిలవకపోయినా యూనిఫాం వేసుకుని పోయాను. లడ్డూ ఇచ్చారు. డ్యూటీ ఇవ్వలేదు.

ఆగస్టు 17, ఆదివారం

దొరికింది.

చర్చి అయ్యాక పాస్టర్‌గారు ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు, మా కష్టం గురించి విని. ఆయన వాకిట్లోకి రాగానే అమ్మ పరుగున వెనక్కి పోయి మేకపిల్లను పాకలోకి నెట్టింది. అది ఆగుతుందా? ప్రార్థన మధ్యలో తలుపు సందులోంచి వచ్చి పాస్టర్‌గారి పంచె నమలడం మొదలుపెట్టింది. ఆయన నవ్వి మెడ నిమిరారు. మెడకు కట్టిన గుడ్డపేలిక చేతిలోకి ఊడి వచ్చింది. లోపల ఎర్ర రబ్బరు పువ్వు.

ఇదేందమ్మా రాములమ్మా అన్నారు ఆయన. అమ్మ తల దించుకుంది. మా మేకకు పుట్టిన మొదటి రెండు పిల్లలూ చచ్చిపోయాయి కదా, ఇది ముద్దుగా ఉందని వాడలో అందరి కళ్లూ దీని మీదే ఉన్నాయట. దిష్టికి ఎర్రది ఏదైనా కట్టాలని ఎవరో అన్నారట. సందూకు తాళంచెవికి కట్టుకోమని నేనిచ్చిన పువ్వు దీని మెడకు కట్టింది. చర్చికి పోయేదాన్ని దిష్టికి కట్టిన్నంటే అయ్యగారు ఏమంటరో అని పైన పేలిక చుట్టింది.

నేను అప్పటికి ఆ పువ్వును చీలుస్తున్నాను. లోపల తెల్ల బిళ్ల. సతీష్‌ను కేక వేశాను. చూడగానే, అక్కా గిదే ట్యాగ్, ఓనర్ ఫోన్‌కు దూరమైతే కదిలినప్పుడల్లా పిట్ట లెక్క కూస్తది అన్నాడు.

పాస్టర్‌గారు అక్కడే ఉన్నారన్న సంగతి మరిచి అరిచాను. అమ్మ మీద, మేక మీద, నా మీద. నీ దిష్టి తగలెయ్య, నా నౌకరీ పోతుంది, ఊళ్లో దొంగ అన్నారు, నీ చీర నేల మీద పడేశారు, అంతా ఈ ముండ మేకకు దిష్టి తగలొద్దని! అమ్మ ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. తెచ్చిచ్చింది నేనే కదా అని ఒక్కసారి అంటే ఏం పోయేది?

సాయంత్రం

గోవిందన్నకు ఫోన్ చేశాను. బిళ్ల పట్టుకపోయి ఇస్తే నువ్వే తీసినవని ఒప్పుకున్నట్లయితది చెల్లే, రేపు బీచుపల్లి బ్రిడ్జి మీద బస్సు స్లో చేస్త, కృష్ణల పారెయ్ అన్నాడు. అమ్మ కూడా అదే మాట. పారేసి రా బిడ్డా, పీడ పోతది.

బిళ్లను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. పారేస్తే చుక్క కృష్ణలో ఆగిపోతుంది. రజిత బంగారం అమ్ముకుని బిళ్ల నీళ్లలో వేసింది అంటారు. తీసుకుపోతే రజిత ఇంట్లో దొరికింది అంటారు. ఎటైనా దొంగనే.

అయితే పారేసి దాక్కున్న దొంగను ఎందుకు కావాలి? బిళ్లను మేకపిల్ల మెడకు మళ్లీ కట్టమన్నాను అమ్మను. పేలిక లేకుండా.

ఆగస్టు 18, సోమవారం

మేకపిల్లను చంకన పెట్టుకుని బస్సెక్కాను. కండక్టర్ కొత్త పిల్ల, నన్ను గుర్తుపట్టి, ఫర్వాలేదక్కా కూసో అంది. నాకు జీరో టికెట్ కొట్టు, దీనికి లగేజీ కొట్టు అన్నాను. ప్రాణమున్న లగేజీకి ఎంత కొట్టాలో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. ఏదో ఒకటి కొట్టించి టికెట్ దగ్గర పెట్టుకున్నాను. ఇవాళ నా మీద ఇంకో కేసు రాకూడదు.

శైలజను పిలిపించమని సార్‌కు ముందే ఫోన్ చేశాను. గంటసేపు కూర్చోబెట్టి వచ్చింది. డ్రైవర్లు, కండక్టర్లు, క్యాంటీన్ వాళ్లు కిటికీల దగ్గర మూగారు. మేడం, మోగించండి అన్నాను. నొక్కింది. మేకపిల్ల మెడలోంచి టింగుటింగుమని మోత. అది బెదిరి సార్ టేబుల్ ఎక్కి, ఉన్న కాగితాల మీద తన పని కానిచ్చింది. బయట ఒకటే నవ్వులు. నేను నవ్వలేదు.

మొత్తం చెప్పాను. ఎక్కడ దొరికిందో, ఎవరికిచ్చానో, ఎందుకు మేక మెడకు పోయిందో. ఇప్పుడు మీరు మీ బంగారం గురించి చెప్పండి మేడం అన్నాను.

ఆవిడ ఫోన్ పర్సులో పెట్టుకుంది. అది దొరికింది లెండి అంది.

దొరికిందట! ఊరికి పోయేటప్పుడు దొంగల భయంతో తనే బియ్యం డబ్బాలో దాచి, బ్యాగులో పెట్టుకున్నానని అనుకుందట. బుధవారం అన్నం వండబోతే చేతికి తగిలిందట. బుధవారం! అంటే మా అమ్మ సందూకు తెరిపించిన రెండు రోజులకే. నేను తుమ్మచెట్ల మధ్య పాతిపెడుతున్నానని ఫిర్యాదు ఇచ్చిన రోజునే.

మరి ఎందుకు చెప్పలేదన్నాను. ట్యాగ్ ఇంకా మీ దగ్గరే ఉండె గదా, అదీ నాదే గదా అంది. ఎంత మామూలుగా అందో. సార్‌కైనా కోపం వస్తుందేమోనని చూశాను. సార్ కాగితాలు తుడుచుకుంటున్నాడు.

డ్యూటీ తిరిగి ఇచ్చారు. దానితో పాటు ఒక మెమో. బస్సులో దొరికిన వస్తువు డిపోలో అప్పజెప్పనందుకు. అది నా తప్పే, సంతకం పెట్టాను. మూత రాసినదాన్ని పువ్వు రాయలేదు. కానీ ఇంత కథలో సంతకం పెట్టింది నేనొక్కదాన్నే. ఆవిడ ట్యాగ్ తీసుకుని, మేక వాసన వస్తుందని టిష్యూలో చుట్టుకుని పోయింది.

ఆగస్టు 19

శైలజ నుంచి మెసేజ్ వచ్చింది. సారీ అండీ, దండం బొమ్మ. నంబర్ సార్ ఇచ్చి ఉంటాడు. జర మరిచిపో రజితా, అయిపోయింది గదా అని ఆయనా చెప్పాడు. మీ ఇంట్లో మీ అమ్మ చీర దులిపారా సార్ అని అడిగాను. ఇంకో మెమో రాలేదు, ఆశ్చర్యం.

తిరిగి మెసేజ్ పెట్టాను. దొంగ అన్నది బస్సులో, సారీ కూడా బస్సులోనే చెప్పండి అని.

ఆగస్టు 21

వచ్చింది, నేననుకోలేదు. వనపర్తిలో ఎక్కింది. భర్త లేడు. ఆధార్ కార్డు చూపించింది, జీరో టికెట్ ఇచ్చాను. బస్టాండ్ దాటాక నా దగ్గరికి వచ్చి సారీ అని గొణిగింది. గట్టిగా చెప్పండి అన్నాను. ముఖం ఎర్రబడింది. నిలబడి చెప్పింది, ఈ కండక్టరమ్మ నా బంగారం తీయలేదు, నేనే తప్పుగా అన్న అని.

కాలేజీ పిల్లలు చెవుల్లోంచి వైర్లు తీయలేదు. ఒక ముసలాయన ఏ బంగారం, ఎవరిది అని పక్కవాడిని అడిగాడు. ఆ రోజు విన్న ప్యాసింజర్ ఒక్కరు కూడా ఈ బస్సులో లేరు. గోపాల్‌పేటలో ఆమె ఎక్కింది, సంచి లాక్కున్నామె. అప్పటికి శైలజ చెప్పడం అయిపోయింది. టికెట్ ఇస్తుంటే సంచి ఇంకో చేతికి మార్చుకుంది. అలవాటో, అనుమానమో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలి?

శైలజ నాగర్‌కర్నూల్‌లో దిగుతూ గొడుగు మర్చిపోయింది. పరుగెత్తి ఇచ్చాను. ఇచ్చి అందరికీ వినపడేలా, చూసుకోండి మేడం, అన్నీ ఉన్నాయా అన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

అమ్మ సందూకు గుమ్మం పక్కకు జరిపింది. తాళం వేయడం లేదు. ఎందుకని అడిగితే, మళ్లొచ్చి ఎతికేటోళ్లకు సులువుగుంటది గదా బిడ్డా అంది.

తాళంచెవి మేకపిల్ల మెడలో ఉంది.